సీసం కొట్టుకు చోటెక్కడ?

తెనాలి,
3-6-1991

చిరంజీవి తమ్ముడు పూర్ణచంద్రరావుకు అక్క సరోజిని ఆశీస్సులు.

మనవడి కడుపునొప్పికి కారణం తెలిసింది. రక్తం మద్రాసు పంపిస్తే అందులో సీసం ఉందన్నారు. మా వీధిలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కొట్టు లేదూ, ఆ దుమ్మేనట. పిల్లలు అందులోనే ఆడి, ఆ చేతులతోనే తింటున్నారు. ఇలాగే వదిలేస్తే చదువు కూడా వంటబట్టదన్నాడు డాక్టరు. రోజూ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను కూడగడుతున్నాను.

మీ అక్క
సరోజిని

తా.క. మీ బావగారికి పొద్దున టిఫిన్ ఉండటం లేదు. పాపం, ఇంకా అలవాటు పడలేదు.


బాపట్ల,
8-6-1991

పూజ్యురాలైన అక్కయ్యకు నమస్కారాలు.

మనవడికి మంచి మందులు వాడించు. ఇంటింటికీ తిరుగుతున్నావంటే నాకు అర్థం కాదనుకున్నావా? కౌన్సిలరుగా నిలబడుతున్నావు! ఖర్చు సంగతి నాకొదిలెయ్.

నీ తమ్ముడు
పూర్ణచంద్రరావు

తా.క. గుర్తు ఏమిచ్చారు?


తెనాలి,
15-6-1991

తమ్ముడికి ఆశీస్సులు.

ఎన్నికలేంట్రా నీ మొహం! నిన్న పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని అందరం కొట్టు ముందు కూర్చున్నాం. పోలీసు వచ్చి లెమ్మన్నాడు. గుమ్మం దాటి ఎరగని కమలమ్మ లేచి, మూర్ఛ వచ్చి నీలుక్కుపోతున్న తన పిల్లాణ్ణి అతని చేతుల్లో పెట్టింది. అతను పిల్లాణ్ణి ఎత్తుకుని అలాగే నిలబడిపోయాడు. సాయంత్రానికి కొట్టువాడు సామానంతా లారీకెత్తి ఊరు వదిలాడు.

సరోజిని

తా.క. వాడికి మళ్ళీ చోటిచ్చే బుద్ధిలేనివాడు ఎవడో!


బాపట్ల,
20-6-1991

అక్కయ్యకు నమస్కారాలు.

ఆ బుద్ధిలేనివాణ్ణి నేనే.

నీ ఎన్నికల ఖర్చుకు పనికొస్తుందని నీ ఉత్తరం అందకముందే పెరట్లో షెడ్డు ఒకడికి అద్దెకిచ్చాను. ఏం వ్యాపారమని అడగలేదు. అంతలో నీ ఉత్తరం వచ్చింది, వాడెవడో మా ఇంట్లో కనిపెట్టేశారు. తెల్లారి లారీ వచ్చేసరికి గేటు ముందు మా వీధి ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. ముందు వరసలో నీ మరదలు కనకలక్ష్మి! నీ ఉత్తరాలు గొంతెత్తి చదువుతోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు నేను వినలేదక్కయ్యా. దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. లారీ సామాను దించకుండానే రేపల్లె దారి పట్టింది.

ఆడవాళ్ళంతా రేపల్లె బస్సెక్కారు. ఈ ఉత్తరం అందగానే మీరూ తెనాలిలో రైలెక్కి అక్కడ కలుసుకోవాలని కనకం చెప్పమంది.

నీ తమ్ముడు
పూర్ణచంద్రరావు

తా.క. నేనూ వస్తానన్నాను. "బస్సులో చోటు లేదు. మీరు పిల్లలకు అన్నం పెట్టండి, ముందు చేతులు కడిగించండి" అంది. వీధి పిల్లలంతా మన వసారాలో ఉన్నారు. కడిగిస్తున్నాను.