జిప్పు బైబిల్లో పాస్‌పోర్టు

ఇండస్ట్రియల్ ఏరియా, దోహా.

అమృతం, వచ్చేసిందే! మన పెర్సిస్‌కి ఇండియా కార్డు వచ్చేసింది!

ప్రభువు కృపలో నీకు వందనాలు. నేను బాగున్నాను, బీపీ కూడా నా మాట వింటోంది. నువ్వూ, ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నారనుకుంటాను. ఫోనులో చెబుదామంటే నీకు సగమే వినపడుతుంది, మిగతా సగానికి నన్ను తిడతావు. అందుకే సెలవు మీద వస్తున్న మా మెస్సు రాజ్ కిరణ్ చేతికి ఈ ఉత్తరం, నువ్వడిగిన మోకాళ్ళ నూనె ఇస్తున్నాను.

"ఐర్లాండు వాళ్ళలో కలిశాక దానికి రెండు దేశాలూ ఉంటాయా?" అని రాశావు. ఉండవే. మన ప్రభుత్వం ఒప్పుకోదట. పాస్‌పోర్టు ఐర్లాండుది ఒక్కటే. ఈ కార్డుతో మాత్రం బతికినంతకాలం వీసా లేకుండా రావచ్చు, ఉండొచ్చు. ఓటు లేదు, పొలం కొనకూడదు. పోనీలే, కన్నతల్లి చేతి అన్నం తినడానికి ఓటెందుకు? కార్డు మీద ఫొటోలో అచ్చం నీ ముక్కే! మెస్సులో అందరికీ సేమ్యా పాయసం పోశాను.

ఇప్పుడు కూర్చుని చదువు. మీ అమ్మగారి జ్ఞాపక కూడికకు రాలేదని నలుగురిలో "అది ఇక మన పిల్ల కాదు" అన్నావు. నాలుగు నెలలుగా దాని ఫోను ఎత్తడం లేదు. తప్పు దానిది కాదే, నాది.

ఫిబ్రవరిలో నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు పాత ఇండియా పాస్‌పోర్టు నా గదిలో మరిచిపోయింది. అది ఎంబసీలో అప్పగిస్తేనే కార్డయినా, వీసా అయినా. అది లేకే అమ్మమ్మ కూడికకు రాలేకపోయింది. "నాన్నా, మంచం కింద చూశావా?" అని రోజూ అడిగేది. "లేదమ్మా" అనేవాణ్ణి. అది నా బైబిలు జిప్పు కవర్లో ఉంది. ఆ పాస్‌పోర్టు పుస్తకం ఇచ్చేస్తే పిల్లనే ఇచ్చేసినట్టు అనిపించిందే. ప్రతి శుక్రవారం ఆ బైబిలు చంకన పెట్టుకునే ఆరాధనకు వెళ్ళి, అబద్ధమాడకూడదని అందరితో కలిసి చదివాను.

చివరికి మా వీసా కాయితాలు రాసిపెట్టే టైపింగ్ సెంటరు ఫసీయుద్దీన్‌కి చెప్పుకున్నాను. నెత్తి కొట్టుకున్నాడు. "అరే భాయ్, రద్దు ముద్ర వేసి పుస్తకం తిరిగిచ్చేస్తారు! బిడ్డ ఇంటికొచ్చే దారికి అడ్డంగా కూర్చున్నావు నువ్వు. యల్లా, లే!" అని కొరియర్ ఆఫీసుకు లాక్కుపోయి, దగ్గరుండి ఐర్లాండుకు పంపించాడు.

పిల్లకి నిజం చెప్పేశాను. "అమ్మకి కూడా నువ్వే చెప్పాలి నాన్నా" అంది. కార్డు వచ్చేదాకా ధైర్యం చాలలేదు. ఇదిగో, చెప్పాను.

నవంబరు ఇరవైన దోహా మీదుగా వస్తుంది. అదే విమానం నేనూ ఎక్కుతాను. సెలవిస్తే సరే, ఇవ్వకపోతే గరిటె అక్కడే పెట్టి వస్తాను. అత్తగారి పేరున మళ్ళీ కూడిక పెట్టిద్దాం. అందరి ముందూ నిలబడి ఈ సాక్ష్యం నా నోటితో నేనే చెబుతాను. నువ్వు వద్దన్నా ఆగను.

ఇట్లు,
నీ మొండి మొగుడు, పెర్సిస్ నాన్న,
నిత్యానందం.

ఈ కబురు చెప్పవలసిన వాళ్ళు: మీ పెద్దన్నయ్య. ద్వారపూడి చిన్నత్త, ఆవిడకు కాస్త గట్టిగా చెప్పు. మా చెల్లెలు విజయరాణి, ఆ రోజు నువ్వా మాట అనగానే ముందు నవ్వింది అదే కదా. స్త్రీల కూడికలో నీ మాట విన్న ప్రతి ఒక్కరూ.

వీళ్ళందరికంటే ముందు పెర్సిస్. ఫోను నువ్వే చెయ్యి. మొదటి రింగుకే ఎత్తుతుంది.