నల్లరంగు కుండ

శ్రీకాళహస్తి,
శుక్రవారం.

చిరంజీవి నియాజ్‌కు నాయన దీవెనలు. దేవుడి దయవల్ల నేనూ మీ అమ్మా ఇక్కడ బాగానే ఉన్నాం. ఆంబూరులో నువ్వూ, కోడలూ, చిట్టితల్లి ఇఫ్ఫతూ క్షేమమని నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది.

ఫోన్ పెట్టుకుని ఉత్తరాలెందుకు నాయనా అని అడిగావు. ఫోన్‌లో మాట్లాడితే మనిద్దరమే వింటామని ఏం నమ్మకం? నన్ను అనుమానపు పీనుగ అంటావు, అనుకో. ఇరవై ఆరు నెలలు నిన్ను జైల్లో పెట్టి, చివరికి ఏ తప్పూ లేదని కోర్టు వదిలేశాక, నేను ఎవరినీ నమ్మడం మానేశాను. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. ఇఫ్ఫత్ అడిగిన నెమలి కలంకారీ గుడ్డకు నలుపు గీతలు అయ్యాయి, ఎరుపు వేయాలి.

ఇక నువ్వడిగిన సంగతికి వస్తాను. మంగళవారం సునీల్‌కుమార్ అనే గుమాస్తా ఫారం పట్టుకుని వచ్చాడు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు. నాకు అక్కడే అనుమానం తగిలింది. ప్రభుత్వ మనిషి మన గడపకు ఇంత మర్యాద ఎప్పుడు చేశాడు?

"అయ్యా, మీ అబ్బాయిని అన్యాయంగా లోపలేసినామని గవర్మెంటు ఒప్పుకుంటా ఉండాది. క్షమాపణ పత్రం ఇస్తారు, నష్టపరిహారం ఇస్తారు. తిరపతిలో సభ పెట్టి శాలువా కప్పుతారు" అన్నాడు.

"పదిహేడేండ్లకు ఇప్పుడెందుకప్పా గుర్తొచ్చింది? ఎలక్షన్లేమన్నా ఉండాయా?" అని అడిగాను.

నవ్వేసి, మంచినీళ్ళు ఇమ్మన్నాడు. ఆ రోజు పోలీసులు కూడా ముందు మంచినీళ్ళే అడిగారు.

ఆ పత్రం నమూనా రెండుసార్లు చదివాను. "జరిగిన దానికి చింతిస్తున్నాము" అని ఉంది. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఒక్క ముక్క లేదు. నీ డిగ్రీ మధ్యలో ఆగిపోవడం, ఈ చుట్టుపక్కల ఎవరూ పనివ్వక నువ్వు ఆంబూరు పోయి చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసుకోవడం, ఏదీ లేదు. వడగళ్ళ వానకు పంట పోయిన రైతుకు రాసినట్టు రాశారు. కింద చిన్న అక్షరాల్లో మాత్రం, ఇకమీదట ఈ విషయంగా కోర్టుకు పోనని నువ్వు సంతకం పెట్టాలని ఉంది. అదీ వాళ్ళ తెలివి!

మీ అమ్మ మాట వేరు. "గవర్మెంటు తప్పయిందనడం యాడన్నా సూసినామా? తీసుకోనీ. రేపు వాని బిడ్డ బడిలో తలెత్తుకుని తిరుగుతాది" అంది. అది కాదనలేకపోయాను.

ఫారంలో ఒక గడి ఉంది నియాజ్. తప్పుడు సమాచారం ఇచ్చినవారి పేరు రాయాలి. ఈ గడి సంగతి ముందే తెలుసుకుని, నీ ఉత్తరంలో పక్కింటి మునిరామయ్య పేరు రాయమన్నావు. మన రంగు కుండ కంపు కొడుతోందని రోజూ గొడవపడేవాడు, పోలీసులకు వాడే చెప్పుంటాడు అన్నావు. పేరు రాస్తే పిలిచి విచారిస్తారట. రెండు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నాను, నా చెయ్యి కదల్లేదు.

పోలీసులు వచ్చిన రోజు నువ్వు తిరుపతిలో కాలేజీలో ఉన్నావు. మీ అమ్మ ఏర్పేడులో వాళ్ళ చెల్లెలింటికి పోయింది. ఇంట్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పిందే తెలుసు. నేను చెప్పింది నిజం కాదు.

ముందుగా ఎవరూ ఎవరి మీదా చెప్పలేదు. ఎక్కడో బాంబు దొరికిందని ఆ రోజు వీధంతా సోదా చేశారు. మన పెరట్లో నల్లరంగు కుండ చూశారు. తుప్పు మేకులు, తాటిబెల్లం వేసి, నీళ్ళు పోసి, మూతకు మట్టి మెత్తిన కుండ. మూడు వారాలు కదపకుండా ఉంటేనే నలుపు దిగుతుంది కదా, అప్పటికి పన్నెండో రోజు. ఒకడు మూత మీద చెయ్యి వేశాడు. "తెరవద్దు సార్! తెరిస్తే అంతా పోతాది!" అని అరిచాను. రంగు పాడవుతుందని నా ఏడుపు. వాళ్ళు ఒక్క ఉదుటున వాకిట్లో పడ్డారు. లోపల ఏముందంటే మేకులని కూడా నేనే చెప్పాను, నా నోరు పడిపోను!

ఒకడు నా మెడ పట్టుకుని, "ఎవుర్రా పెట్టింది?" అన్నాడు. పెట్టింది నేను. "మా పిల్లోడు సార్, తిరపతిలో సదువుతా ఉండాడు" అన్నాను. కాలేజీ కార్డు చూసి నిన్ను గంటలో వదిలేస్తారనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట కూడా నమ్మను. భయపడ్డాను, అంతే. కేసు కాగితాల్లో "నమ్మకమైన సమాచారం అందింది" అని రాసుకున్నారు. నా పేరు రాలేదు. బతికిపోయాననుకున్నాను.

మునిరామయ్య గోడ మీంచి అంతా విన్నాడు. "అది కాశిమన్న రంగు కుండ సార్, ఆ కంపు నాకు తెల్సు" అని పరిగెత్తుకొచ్చి లాఠీ దెబ్బ తిన్నాడు. నువ్వు విడుదలైన రోజు అరటిపళ్ళు తెస్తే, వాటిని అతని కాళ్ళ ముందే విసిరికొట్టావు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. అతను నా వైపు ఒకసారి చూసి, పళ్ళు ఏరుకుని వెళ్ళిపోయాడు.

నిన్న అతని ఇంటికి పోయాను. గడపలోనే ఆపేశాడు. "పిల్లోనికి చెప్పినావా? ముందు ఆ పని సూడు కాశిమన్నా. ఆనక లోపలికి రా" అన్నాడు. ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. అన్నం పెట్టింది. అప్పటినుంచి నాతో మాట లేదు. బాగానే ఉన్నామని పైన రాసింది అలవాటుకొద్దీ రాశాను.

ఆ గడిలో "కాశిం సాహెబ్, తండ్రి" అని రాసి, ఫారం ఈ కవరులోనే పెట్టాను. వాళ్ళకు పంపుతావో లేదో నీ ఇష్టం. పరిహారం నీ హక్కు, వదులుకోవద్దు. కానీ ఏం చేశారో ఆ పత్రంలో రాసేదాకా సంతకం పెట్టవద్దు.

నన్ను క్షమించు నాయనా. పదిహేడేళ్ళకు ఇప్పుడెందుకు అని నువ్వూ అడుగుతావు. అడగాలి కూడా. ఆ గడి లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇట్లు,
కుండ పెట్టిన నీ నాయన,
కాశిం సాహెబ్