పోచమ్మ గుడికి తాళం

అమ్మకు,

చిన్నమ్మాయి నమస్కరించి రాస్తున్నది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్నగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ పేట్ బషీరాబాద్‌లో మాకు ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు. ఆషాఢం వచ్చినా మబ్బులే తప్ప వాన లేదు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో నిలబడుతున్నాం. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అడుగుకు వచ్చింది. అంతా బాగానే ఉంది. అక్క నాతో మాట్లాడటం మానేసింది, అదొక్కటే.

ఎందుకో విని, న్యాయం నువ్వే చెప్పు.

ఈ కాలనీ పుట్టకముందు నుంచీ ఇక్కడ వేపచెట్టు కింద పోచమ్మ ఉంది. పసుపు పూసిన రాయి, అంతే. కుమ్మరి యాదమ్మ ఇంటివాళ్లే ఆమెకు పూజారులు. ఇప్పుడు మా సంఘం చుట్టూ గోడ కట్టి, పాలరాతి దుర్గను నిలబెట్టి, ఆ రాయిని వెనక్కి జరిపి, గేటుకు తాళం వేసింది. తాళంచెవి సంఘం కార్యదర్శి దగ్గర, అంటే నీ పెద్దల్లుడుగారి దగ్గర ఉంది.

నెలాఖరు ఆదివారం బోనాలు. అన్నం కుండ నెత్తిన పెట్టుకుని వస్తామని, అమ్మవారి ముందు కల్లు సాక పోసి కోడిని కోసుకుంటామని యాదమ్మ మొన్న అక్కావాళ్లింటికి వచ్చి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. బావగారు కుదరదన్నారు. ఆ క్షుద్రపూజలు ఇక ఉండవట. ఈ దుర్గ శాంతమూర్తి, పులిహోర చాలునట. ఆ శాంతమూర్తి చేతిలో శూలం ఉందమ్మా, కాలి కింద మహిషుడు చస్తున్నాడు! నెత్తురు పాలరాతిలో చెక్కితే శాంతం, కోడి మెడ నుంచి కారితే క్షుద్రమా? శుక్రవారం శుక్రవారం అక్క లలితా సహస్రనామం చదివిస్తుంది. వెయ్యి పేర్లు పలికే నోటికి పోచమ్మ అనే ఒక్క పేరు బరువైందా?

యాదమ్మ మాత్రం కేకలేమీ వేయలేదు.

"దుర్గమ్మ, పోచమ్మ అక్కచెల్లెండ్లే గద సారూ. చెల్లె ఇంట్లకొచ్చి చెల్లెనే బయటికి తోలుతదా అక్క?" అంది.

కాఫీ తెస్తున్న అక్క అక్కడే ఆగిపోయింది. ఆ మాట నేనే నేర్పి పంపానట. అప్పటి నుంచి నా ముఖం చూడటం లేదు.

నేను ఏ దేవతనూ నమ్మను, నీకు తెలుసు. నేను అడిగేది భక్తి కాదు, తాళంచెవి. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే వేపాకుల మీద పడుకోబెట్టి పోలేరమ్మకు కోడిని మొక్కావు కదా. ఆ మొక్కు తీర్చిన రోజు నువ్వు క్షుద్రురాలివా? ఈ ముక్కే బావగారికి రాయి. నా మాట తోసేస్తారు గానీ, నీ మాట కాదనలేరు.

నీ ఉత్తరం ఆలస్యమైనా ఆదివారం ఆగదు. యాదమ్మ పక్కన నేనూ కుండ ఎత్తుకుని గేటు ముందు నిలబడతాను. నాకు అలవాటు లేదు, మెడ వణుకుతుందేమో. అక్క లోపలి నుంచి చూస్తుంది. అది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు.

నాన్నగారికి, మామ్మకు నా నమస్కారాలు. అక్కను దీవించేటప్పుడు నన్నూ కలిపి దీవించు.

నువ్వు కోడిని మొక్కి బతికించుకున్న
సుశీల