మల్లేశ్ వదిలేసిన పట్టు

శుక్రవారం, బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్, ఖతార్

మా కబడ్డీ జట్టుకు మల్లేశ్ పనికొస్తాడో లేదో ఈ సాయంత్రం నేనే చూశాను. వాడి కంపెనీ మూతపడింది. జట్టుకు పనికొస్తాడని నేను చెబితే ఫోర్‌మన్ మా కంపెనీలో పనికి పెట్టిస్తాడు. లేదంటే ఈ నెలలోనే ఇంటికి. వాడు ఆడేది ఎడమ మూల. అది నా చోటు.

కూతకు వెళ్లాను. మల్లేశ్ నా చీలమండ దొరకబుచ్చుకున్నాడు. కదల్లేకపోయాను. దెబ్బ తగిలిన నా మోకాలు వణకడం చూసి తనే వదిలేశాడు. గీత తాకాను.

"నిన్నే ఆపలే, వీడేం పనికొస్తడు?" అన్నాడు ఫోర్‌మన్. నవ్వాను కూడా, సిగ్గులేదు.

మల్లేశ్ నీళ్ల బాటిల్ తెచ్చిచ్చాడు. "మోకాలు బాగ నొస్తున్నదా అన్నా?"

పొద్దున డ్యూటీ బస్సెక్కేలోపు ఫోర్‌మన్‌కు మాట చెప్పాలి. అందరూ నేను తప్పించుకున్నాననే అనుకుంటున్నారు. కాలు ఇంకా వాడి చేతుల్లోనే ఉంది.