పెద్ద సైజు ఫైలు

జూన్ 4
చెల్లి తీసిన అమ్మ ఫొటో ఎగ్జిబిషన్‌కి ఎంపికైంది. పొద్దున్నుంచి ఇంట్లో చెల్లి భజనే. అమ్మయితే పిన్నికి ఫోన్ చేసి, నా చిన్నదాని చేతిలో ఏదో మహిమ ఉందే అని మురిసిపోయింది.

ఆ మహిమ సంగతి నాకు తెలుసు. చెల్లి ఆ ఫొటో నా చేతికిచ్చినప్పుడు అందులో అమ్మ నుదురు జిడ్డుగా మెరుస్తోంది, కళ్లు చీకట్లో ఉన్నాయి. రోజుల తరబడి కూర్చుని ఆ కళ్లకు వెలుగు తెచ్చింది నేను. ఒక్క ముడత కూడా చెరపలేదు. మా స్టూడియోలో తను క్లిక్‌మనిపిస్తుంది, నేను ఎడిట్ చేస్తాను. పేరు తనది, మెడనొప్పి నాది.

జూన్ 6
కుళ్లుగా ఉంది. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకోను?

జూన్ 9, మధ్యాహ్నం
అమ్మ ఫొటో రెండు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేశాను. వెబ్‌కి చిన్నది, ప్రింట్‌కి పెద్దది. ఫోన్‌లో చూస్తే రెండూ ఒకటే. గోడంత ప్రింట్ వేస్తే మాత్రం చిన్నదాని బండారం బయటపడుతుంది, మొహమంతా అలుక్కుపోతుంది. చెల్లికి ఈ గొడవలేవీ పట్టవు.

ప్రింట్ వేసే ల్యాబ్‌కి చిన్నది పంపాను. పొరపాటున కాదు.

సాయంత్రం
ల్యాబ్ అతను ఫోన్ చేశాడు. ఫైలు మరీ చిన్నదిగా ఉంది మేడమ్, ఇంకోటుందా అని అడిగాడు. పెద్దది నా కళ్ల ముందే, డెస్క్‌టాప్ మీద ఉంది. లేదండీ, అదే వేసేయండి అన్నాను. అన్నాక ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. అయినా మళ్లీ ఫోన్ చేయలేదు.

అందరి ముందూ చెల్లి మొహం ఎలా మాడిపోతుందో ఒక్కసారి చూడాలి.

జూన్ 12
ప్రింట్ ల్యాబ్ నుంచి నేరుగా గ్యాలరీకి వెళ్లిపోయిందట. ఒకసారి చూసుకోవా ఏంటే అని చెల్లిని అడిగాను, ఉండబట్టలేక. నువ్వు చేశాక నేను చూసేదేముందక్కా అంది. రేపు నీకో సర్‌ప్రైజ్ ఉంది, కాస్త మంచి బట్టలేసుకో అని కూడా అంది.

నా సర్‌ప్రైజ్ ముందు నీదెంతలే అనుకున్నాను.

జూన్ 13
గ్యాలరీ గోడ మీద, అమ్మ కళ్లు ఉండాల్సిన చోట రెండు మసక మరకలు. అమ్మ దగ్గరికెళ్లి చూసింది, వెనక్కొచ్చి చూసింది, నా కళ్లజోడు కాస్త తుడిచి ఇవ్వవే అంది.

కింద, చెల్లి ల్యాబ్‌కి చెప్పి వేయించిన రెండు లైన్లు. ఫొటో అని తన పేరు, చిన్నగా. ఎడిటింగ్ అని నా పేరు, దానికంటే పెద్దగా.

అక్షరాలు మాత్రం ఎంత స్పష్టంగా వచ్చాయో.