బాస్ ఆంప్ మా మరిదికి చెందాలి

వయసు యాభై రెండు, పని ఇల్లు నడపడం. ఒంట్లో బాగానే ఉంది, మతి అంతకన్నా బాగుంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్తిగా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు వేరొకటి రాయలేదు.

1. ఇల్లు, ఇంట్లోని సామాను మా అమ్మాయికి చెందాలి. కుట్టుమిషను కూడా. సూదిలో దారం ఎక్కించడం ఇప్పటికైనా నేర్చుకోవాలి.

2. పెద్ద ప్రెషర్ కుక్కరు మా ఆడపడుచుకు. రెండు రోజులకని పట్టుకెళ్లి ఆరేళ్లయింది, ఇక తిరిగివ్వక్కర్లేదు. దాని రబ్బరు మాత్రం నా దగ్గరే ఉంది.

3. పోయిన మా ఆయన బాస్ గిటారు, ట్రాన్సిస్టర్లతో నడిచే ఆయన పాత బాస్ ఆంప్లిఫైయరు మా మరిదికి చెందాలి. కారణం రాయడం అవసరం.

పదకొండేళ్ల కింద ఒక ఫంక్షన్ హాల్లో మా ఆయన వాయిస్తుండగా, మూడో పాట మధ్యలో ఆంప్ మూగబోయింది. దారికి అడ్డమని కాసేపటి ముందే మరిది దాన్ని జానెడు జరిపాడు. మా ఆయన మైకు ముందే అరిచారు: "ముట్టుకోవద్దని చెప్పానా లేదా? చేతులు కట్టుకుని కూర్చోలేవూ!" హాలంతా విన్నది. "పక్కకి జరిపానంతే వదినా, ఒట్టు" అన్నాడు మరిది. "ఎందుకు ముట్టుకున్నావయ్యా, ఆయన సంగతి తెలుసుగా" అన్నాను నేను. అతను మళ్లీ మా గడప తొక్కలేదు. ఈయన మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఆయన పోయాక ఆంప్ బయటికి తీసి వరసగా పరీక్షించాను. వైరు మార్చాను, కాసేపు మోగి ఆగిపోయింది. వేరే స్పీకరు తగిలించాను, అదే తంతు. రిపేరు షాపు మేస్త్రి ట్రాన్సిస్టర్లు కొలిచి, "ఇవి రాళ్లమ్మా, మనకంటే గట్టివి" అన్నాడు. చివరికి రేడియో తగిలించి, ఎవరినీ ముట్టనివ్వకుండా, గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏడుసార్లలో ఐదుసార్లు దానంతటదే ఆగిపోయింది.

వెనక రెండు సాకెట్లున్నాయి. వాటిలో ఏమీ గుచ్చనప్పుడు శబ్దం లోపలున్న చిన్న రేకు మీదుగా పోవాలి. ఆ రేకుకు చిలుము పట్టింది. రెండు సాకెట్లనూ పొట్టి వైరుతో కలపగానే ఆంప్ ఆగకుండా మోగింది. తర్వాత మేస్త్రి రేకు శుభ్రం చేశాడు.

కాబట్టి ఆ రోజు ఎవరూ కదపకపోయినా అది ఆగేదే. మరిది తప్పేమీ లేదు. ఈ మాట మా ఆయన తరఫున కూడా రాస్తున్నాను. నాది తప్పని నా తరఫున రాస్తున్నాను.

4. ఇప్పుడు రేడియో అందులో చక్కగా పలుకుతోంది. నాకు కావలసింది అది కాదు. ముందుగదిలో మరిది ఆ గిటారు వాయిస్తుంటే, "తొందరపడకురా, పాట ఎక్కడికీ పోదు" అని ఈయన అంటుంటే, వంటింటి గట్టు మీద నా చేతులకు ఆ అదురు తెలిసేది. గిటారు పట్టడం నాకు రాదు. తీగలు మాత్రం కొత్తవి వేయించాను.

5. ఈ వీలునామా అమలు బాధ్యత మరిదికే అప్పగిస్తున్నాను. ఒక ప్రతి ఇవాళే అతనికి పంపుతున్నాను. ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. పోస్టులో పంపిన సంతకం చెల్లదు. నేనుండగానే వచ్చి పెట్టాలి. ఏ రోజైనా సరే, రావయ్యా.

తేదీ: ఫిబ్రవరి 9

సంతకం: (వదిన)

సాక్షులు:
రిపేరు షాపు మేస్త్రి
పైవాటాలో ఉండే లెక్కల టీచరు