మూడు చలికాలాల పావుగంట

తిరువళ్ళూరు,
24-11-1983.

అక్క రంగనాయకమ్మకు చెల్లెలు వనజాక్షి నమస్కరించి రాసుకునే ఉత్తరం. నేనిక్కడ మునెమ్మత్త ఇంట్లో క్షేమం. తిరుత్తణిలో నువ్వూ, జయరామ్ బావా, పిల్లలూ, మీ అత్తగారూ క్షేమంగా ఉన్నారని అత్త చెబితే విన్నాను. ఆ మాట నీ చేతిరాతలో చదివి నాలుగేళ్లయింది.

కవరు మీద నా రాత చూసి కూడా విప్పినందుకు ముందే నీకు దండం పెడుతున్నాను. తెలుగులో ఉత్తరం రాసి చాలా రోజులైంది. ఆఫీసులో అంతా ఇంగ్లీషు, హాస్టల్లో అంతా అరవం. ఒత్తులు ఎక్కడైనా ఎగిరిపోతే నవ్వుకో. నువ్వు నవ్వితే నాకు అదే పదివేలు.

విషయానికి వస్తాను. మన జోడుచుక్క లెక్క తేలింది. నీ నోటుబుక్కులు నాలుగూ నిజమే చెప్పాయి. అందులో ఒక్కటంటే ఒక్కటి కల్పించి రాసిన అంకె లేదు.

నీకు గుర్తుందో, కావాలనే మరిచిపోయావో తెలియదు. డెబ్బై రెండులో పాండూరు మిద్దె మీద మొదలుపెట్టాం. నాది తొమ్మిదో క్లాసు. మా సైన్సు మాస్టారు ఆదికేశవులు సారు తన బైనాక్యులరూ, ఒక పాత చేతిగడియారమూ ఇచ్చి పని అప్పజెప్పారు. వృషభరాశి కొమ్ముల పక్కన ఒక చుక్క దాదాపు మూడు రోజులకోసారి మసకబారుతుందని, నిజానికి అది ఒకటి కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు చుక్కలని, వాటిలో మసకగా ఉండేది ముందుకొచ్చినప్పుడు వెలిగేది దాని చాటున పడుతుందని చెప్పారు. ఆ గ్రహణం ఎన్ని గంటలకు పట్టిందో రాసిపెట్టమన్నారు. నాకు రెండు వారాలకే విసుగొచ్చింది. అయిదో క్లాసుతో బడి మానిన నీకు మాత్రం అది పట్టుకుంది. చివరికి చూపు నీ బాధ్యత, టైము నా బాధ్యత అని పంచుకున్నాం. నేను సారు గడియారాన్ని తిరువళ్ళూరు స్టేషను గడియారంతో సరిచూసుకుని వచ్చి, ఇంట్లో నాయన గోడ గడియారం సరిగ్గా ఉందో లేదో నీకు చెప్పేదాన్ని. నువ్వు ఆ గోడ గడియారం చూసే రాసేదానివి.

కొలత కోసం పక్కనున్న రెండు చుక్కలకు నువ్వు పెట్టిన పేర్లు తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. బాగా వెలిగేది మునెమ్మత్త, మినుకుమినుకుమనేది షణ్ముగం మామ. మన చుక్క వాళ్లిద్దరి మధ్య ఎక్కడుందో రాసేదానివి. అత్తకు రెండు మెట్లు కింద, మామకు మూడు మెట్లు పైన, టైము ఏడూ ఇరవై. పేజీల నిండా ఇదే. మా ప్రొఫెసరు ధర్మలింగం గారికి చదివి వినిపిస్తే, వందేళ్ల కిందట పేరుమోసిన వాళ్లు ఇదే పద్ధతిలో కొలిచారని, మీ అక్కకు ఈ మెట్ల లెక్క ఎవరు నేర్పారని అడిగారు. ఎవరూ నేర్పలేదన్నాను. నిన్న ఈ పేర్ల సంగతి అత్తకు చెప్పాను. నన్ను యాడో ఆకాశంలో ఎక్కించి మీ మామను నా కింద కూర్చోబెట్టినారా, ఈ మాట ఆ మనిషి ఉన్నప్పుడే చెప్పుంటే ఎంత బాగుండునే అని పడీపడీ నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

డెబ్బై అయిదు జూన్‌లో నేను మద్రాసు కాలేజీలో చేరాను. మూడేళ్లు పొద్దున్నే పాండూరు నుంచి బస్సు, తిరువళ్ళూరు నుంచి రైలు. అమ్మకు మోకాళ్లు పట్టేయడంతో నాకు అన్నం కేరియరు కట్టే పని నీ మీద పడింది. నేను లేచేసరికే అన్నం వార్చి ఉండేదానివి. మూడేళ్లలో మళ్లీ ఒక్కరోజు కూడా నాకు రైలు గండం రాలేదు. ఎమ్మెస్సీ చదివినా, ఈ ఉద్యోగంలో చేరినా, కొండ మీద అంత పెద్ద టెలిస్కోపు ముందు కూర్చున్నా, అంతా నువ్వు కట్టిన ఆ కేరియరు చలవే. ఇన్నేళ్లలో ఈ మాట నోరు తెరిచి ఒక్కసారి అనలేదు. ఇప్పుడంటున్నాను. పగలంతా ఇంటిచాకిరీ చేసి, సాయంత్రం మిద్దె ఎక్కి చుక్క చూసి, గబగబా మెట్లు దిగి గడియారం చూసి రాసేదానివి. నీకు ఆ ఓపిక ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దానికి నేను చేసిన మర్యాద నీకు తెలిసిందే. డెబ్బై తొమ్మిదిలో నీ పెళ్లయ్యాక నోటుబుక్కులు పట్టుకుపోయి లెక్కవేశాను. మొదటి మూడు చలికాలాల గ్రహణాలు లెక్క ప్రకారం వచ్చాయి. ఆ తర్వాతవన్నీ పావుగంట ఆలస్యం. చివరి పుస్తకం విప్పి చూసే ఓపిక కూడా లేకపోయింది నాకు. చుక్క దారి తప్పదు కాబట్టి నువ్వే చూడకుండా, కూర్చున్నచోట అంకెలు గీకేశావని తీర్మానించి కార్డు రాశాను. కార్డు, అక్కా! కొత్త కోడలివి. పోస్టుమాన్ వరదన్ మొదలు మీ అత్తగారి దాకా అందరూ చదివే కార్డు. ఆమె నిన్ను ఏమన్నదో ఎవరూ నాకు చెప్పలేదు. నువ్వు మళ్లీ మిద్దె ఎక్కలేదని, బైనాక్యులరు బియ్యం డబ్బా వెనక్కి పోయిందని మాత్రం బావ అత్తతో అన్నాడట. ఆ తర్వాత ఏ పెళ్లిలో ఎదురుపడ్డా నువ్వు తల తిప్పుకున్నావు. నాకు అది తగిన శాస్తే.

రెండేళ్లుగా అదే చుక్కను కొండ మీద యంత్రంతో కొలుస్తున్నాం. గ్రహణం ఎంతసేపు పట్టింది, వెలుగు ఎంత తగ్గింది అని చూస్తే రెండు చుక్కలూ ఎంతెంత లావో తెలుస్తుంది. వెలుగును రంగులుగా విడదీసి చూస్తే ఎంత వేగంగా తిరుగుతున్నాయో, దాన్నిబట్టి ఎంతెంత బరువో తెలుస్తుంది. తక్కెడ లేకుండా తూకం వేయడమే అనుకో. కానీ ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం సెకన్లతో సహా తేలాలంటే రెండేళ్ల కొలత చాలదు, పాత టైములు కావాలి. ఆ ఏళ్లలో ఆ చుక్కను పట్టుబట్టి చూసినవాళ్లు మాకు ఇంకెవరూ దొరకలేదు. సిగ్గు చంపుకుని ట్రంకుపెట్టె అడుగు నుంచి నీ నోటుబుక్కులు తీశాను.

మొత్తం అరవై ఒక్క గ్రహణాలు. ధర్మలింగం గారు నాచేత గ్రాఫు గీయించారు. మొదటి మూడు చలికాలాలవి గీత మీదే పడ్డాయి. తర్వాతి మూడు చలికాలాలవి ఇరవై ఏడూ గీతకు పావుగంట పైన, బడిపిల్లల్లాగా బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. ఆఖరి చలికాలానివి మళ్లీ గీత మీదికి దిగాయి. మా యంత్రం కొలతలూ అదే గీత మీద ఉన్నాయి. చూడకుండా రాసేవాళ్లకు ఇరవై ఏడుసార్లు ఒకే తప్పు రాదని, ఈమె చూపు బంగారమని, తేడా అంతా గడియారంలో ఉందని ఆయన అన్నారు. ఆ మూడేళ్లూ మీ ఇంట్లో ఏం జరిగిందని నన్నడిగారు. పాత గడియారం సార్ అని తలవంచుకున్నాను.

ఇంతకూ తేలింది ఏమిటంటే, మన జోడులో వెలిగేది సూర్యుడికి మూడింతల బరువు. మసకగా ఉండేది సూర్యుడంత బరువు కూడా లేదు. ఒకప్పుడు ఇదే బరువైనదట. తన ఒంట్లోది కొంచెం కొంచెంగా పక్కదానికి పోసేసిందట. ఆ లెక్క పూర్తయిన రోజు నువ్వు గుర్తొచ్చి కాగితాల మీద తలపెట్టి ఏడ్చాను.

మా వ్యాసం అచ్చుకు పోబోతోంది. పట్టికలో నీ టైములన్నీ ఉంటాయి. చూసినవారు డి. రంగనాయకమ్మ, పాండూరు అని రాశాం. అందుకు నీ ఒప్పుదల కావాలి. కాగితం ఇందులోనే పెట్టాను. నువ్వు సంతకం పెట్టకపోతే నీ అంకెలు ఒక్కటీ వాడను, ప్రొఫెసరుకు ముందే చెప్పేశాను. అవి లేకపోతే వ్యాసం కుంటిదే, అయినా సరే.

డిసెంబరు మూడో తేదీ శనివారం సాయంత్రం ఎనిమిదింటికి మన చుక్కకు గ్రహణం. మర్నాడు అమావాస్య, వెన్నెల అడ్డు ఉండదు. తిరుత్తణి రైలు కూత ఈ ఇంట్లోకి రోజూ వినిపిస్తుంది. నువ్వు రమ్మంటే ఎక్కుతాను. పిలవకుండా వచ్చే ధైర్యం మాత్రం నాకు లేదు.

బావకూ, మీ అత్తగారికీ నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

నీ చేతి అన్నంతో చదువుకున్న చెల్లెలు,
వనజాక్షి.

తా. క. ఉత్తరం కవరులో పెట్టి మళ్లీ బయటికి తీశాను. ప్రొఫెసరుకు చెప్పిన మాటే నీకూ చెప్పి తప్పించుకోబోయాను. నాయన గడియారానిది ఏ తప్పూ లేదు. కాలేజీలో చేరిన మొదటి వారమే రెండుసార్లు రైలు తప్పబోయింది. ఆ ఆదివారం నాయన పొలానికి పోయినప్పుడు పీట ఎక్కి ముల్లును పావుగంట ముందుకు తిప్పాను. నీకు చెబితే ఆ పావుగంట లెక్కలోంచి తీసేసి పడుకుంటావని చెప్పలేదు. ఒక చలికాలం నువ్వు నోటుబుక్కు పట్టుకుని వచ్చి, గడియారం సరిగ్గానే ఉందా పాపా అని అడిగినావు. ఉందక్కా, చూసినా అన్నాను. నువ్వు నమ్మి రాసుకున్నావు. మూడేళ్లయ్యాక మద్రాసు హాస్టలుకు పోయే ముందురోజు ముల్లును వెనక్కి తిప్పేసి, ఆ సంగతే మరిచిపోయాను. కార్డు రాసేటప్పుడు కూడా గుర్తు రాలేదు. గ్రాఫులో ఆ మూడు చలికాలాలూ చూడగానే గుర్తొచ్చింది. మూడేళ్లు రోజూ పావుగంట నీ నిద్ర దొంగిలించింది నేను. అబద్ధం నాది, అబద్ధాలకోరనే పేరు నీకు వచ్చింది. ధర్మలింగం గారికి ఈ సంగతంతా రేపే రాస్తున్నాను. ఈ తా. క.ను అక్షరం పొల్లు పోకుండా ఒక కార్డు మీద కూడా రాశాను. ఈ కవరుతో పాటే దాన్నీ పోస్టులో వేస్తాను. వరదన్ చదవనీ, మీ అత్తగారు చదవనీ.